బియ్యం డబ్బా, పప్పు డబ్బా: బెంగళూరులో నా పీసీఓఎస్ వంటింటి ప్రాజెక్టు

జూన్, మొదటి వారం

మందుల చీటీలో చివరి లైను: "డైట్, ఎక్సర్‌సైజ్". మాత్రకైతే ఎన్ని మిల్లీగ్రాములో, తిన్నాక వేసుకోవాలో తినకముందో రాస్తారు. ఈ లైనుకు డోసు లేదు. ఆ డోసేదో మా వంటింట్లో తేల్చుకోవడమే ఈ ప్రాజెక్టు. సర్జాపూర్ రోడ్డు పక్కన ఫ్లాటు, మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్ళం, పొద్దున ఒక పూట వంటక్క వస్తుంది. ఇద్దరిదీ మదనపల్లె వైపు. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, హార్మోన్లు దారి తప్పి అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నది నాకు, తినేది మాత్రం ఇద్దరం. కాబట్టి నా ఒక్కదానికే వేరే వంట అనేది మొదటి రోజే కొట్టేశాం.

తర్వాత పోల్చుకోవడానికి రిపోర్టుల సంగతి ఇక్కడ రాసిపెడుతున్నాను. నెలసరి రెండు నెలలకోసారి, అప్పుడప్పుడు అది కూడా దాటుతుంది. గడ్డం కింద ముదురు వెంట్రుకలు. స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ ఎదగకుండా ఆగిపోయిన ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) గుంపుగా కనిపించాయి. డాక్టర్లు వాడే 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం మూడింటిలో రెండుంటే పీసీఓఎస్ అంటారు: అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువైన లక్షణాలు లేదా రక్తపరీక్షలో ఆ సంగతి తేలడం, స్కాన్‌లో ఆ రూపం. నాకు మూడూ ఉన్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేసి అవి కారణం కాదని తేలాకే డాక్టర్ మేడం ఆ పేరు చెప్పింది. మెడ వెనక నలుపు కూడా ఉంది. చిన్నప్పుడు అమ్మ దాన్ని సున్నిపిండి పెట్టి రుద్దేది. అది రుద్దితే పోయేది కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి గుర్తు.

ఫాస్టింగ్ షుగర్ నార్మల్. కానీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత తీసిన రీడింగు 140 దాటింది, అంటే ప్రీడయాబెటిస్, షుగర్ జబ్బుకు ముందు మెట్టు. ఫాస్టింగ్ ఒక్కటే చూసి ఊరుకుని ఉంటే ఇది బయటపడేదే కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళెవరైనా ఈ గ్లూకోజ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. మా అమ్మకు షుగర్ ఉంది, అదొకటి.

తిండికీ అండాశయానికీ ఏమిటి సంబంధం అని మా ఆయన అడిగాడు. నాకు అర్థమైనంత వరకు చెప్పాను. తిన్న అన్నం గ్లూకోజ్‌గా రక్తంలోకి వస్తే, దాన్ని కండరాల్లోకి పంపడానికి ఇన్సులిన్ కావాలి. కండరాలు ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అండాశయం మాత్రం ఆ మాట బాగానే వింటుంది, చిక్కంతా అక్కడే. అక్కడి థీకా కణాలు ఇన్సులిన్ ఎక్కువైన కొద్దీ టెస్టోస్టెరాన్ ఎక్కువ తయారుచేస్తాయి. ఇంకోవైపు ఆ హార్మోన్‌ను కట్టిపెట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను లివర్ తగ్గించేస్తుంది. ఫాలికల్స్ సగంలో ఆగిపోతాయి, నెలసరి తప్పుతుంది. బరువు తక్కువున్న ఆడవాళ్ళలో కూడా ఈ తంతు ఉండొచ్చు. అంతా విని ఆయన, "అయితే అన్నం మానెయ్యాలా?" అన్నాడు. అందరూ అడిగేది అదే.

జూన్, రెండో వారం: సరుకుల లెక్క

ఏం తింటున్నాం అని గుర్తు చేసుకుని రాస్తే ఎవరైనా తమకు నచ్చినట్టే రాసుకుంటారు. అందుకని సరుకుల యాప్‌లో బిల్లులు తీసి కూర్చున్నాను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీల పళ్ళెంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి సుమారు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు ఉండాలంటుంది. మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని కూడా. ఆ 85 గ్రాముల్ని నెలకు లెక్కేస్తే మనిషికి రెండున్నర కిలోలు, ఇద్దరికి ఐదు కిలోలు.

మేం కొంటున్నది కందిపప్పు కిలో, పెసరపప్పు అరకిలో, మినపప్పు కిలో. ఆ మినపప్పు కూడా ఒక గ్లాసుకు మూడు గ్లాసుల బియ్యంతో కలిసి ఇడ్లీ, దోసె పిండిలోకి పోతుంది. ఎప్పుడైనా శనగలు ఒక ప్యాకెట్టు. బియ్యం, గోధుమపిండి, రవ్వ, అటుకులు, సేమియా మాత్రం ఆ 250 గ్రాముల లెక్కన ఇద్దరికీ నెలకు వచ్చే పదిహేను కిలోలు దాటి ఉన్నాయి, బయట తిన్నవి కలపకుండానే.

పప్పు బాగానే తింటాం కదా అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ పప్పు ఉంటుంది. ఉండేది పల్చగా, అన్నం తడవడానికి. ఒక గరిటె పప్పులో ఎండు పప్పు ఎంతుందో తూచి చూశాను, పాతిక గ్రాములు కూడా లేదు. కందిపప్పు 100 గ్రాముల్లో ప్రొటీన్ 22 గ్రాములు ఉంటుంది కాబట్టి మా గరిటెలో ఐదు వచ్చి ఉంటుంది. ప్రొటీన్ కిలో బరువుకు 0.83 గ్రాములన్నా కావాలని లెక్క, అంటే నాకు రోజుకు 55 గ్రాముల చిల్లర. పాలు, పెరుగు, వారంలో రెండుసార్లు కోడిగుడ్డు, ఆదివారం చికెన్ కలిపినా చాలా వెలితి ఉంది. పీచు సంగతి చెప్పనక్కర్లేదు, మా ఇంట్లో తాళింపులో కరివేపాకు కూడా పక్కకు తీసి పెట్టే మనిషి ఒకాయన ఉన్నాడు.

చక్కెర లెక్క వేరే రాశాను. ఇంట్లో ఉప్పు డబ్బా కంటే చక్కెర డబ్బా త్వరగా ఖాళీ అవుతోంది. ఆఫీసులో మెషీన్ కాఫీ ముందే తీపి కలిపి వస్తుంది, దానికి లెక్క లేదు. రోజుకు పాతిక గ్రాములు మించొద్దంటారు. చెంచాకు ఐదు గ్రాములనుకుంటే నా కాఫీలతోనే కోటా అయిపోతోంది.

ఈ లెక్కతో ప్రాజెక్టుకు ఒక దారి దొరికింది. ముందు పప్పు డబ్బా పెద్దది చేయాలి, బియ్యం డబ్బా దానంతట అదే చిన్నది కావాలి.

జూన్ చివర

ఆఫీసులో ఒకమ్మాయి పీసీఓఎస్ "రివర్స్" చేసే ప్యాకేజీ ఒకటి కొనింది. ఆ పీడీఎఫ్ చూపించింది. గోధుమ వద్దు, పాలు, పెరుగు వద్దు, సోయా వద్దు, అరటిపండు వద్దు, సాయంత్రం ఆరు తర్వాత ఏమీ వద్దు. బదులుగా వాళ్ళ దగ్గరే అమ్మే పొడి కావాలి. నెలకు అయ్యే ఖర్చులో మా ఇంటి పప్పులు, కూరగాయలు అన్నీ వచ్చేస్తాయి.

మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ నడిపించిన 2023 అంతర్జాతీయ గైడ్‌లైన్ ఏమంటుందంటే, పీసీఓఎస్‌కు ఫలానా డైటే మిగతావాటికంటే మంచిదని ఆధారం లేదు, ఆరోగ్యకరమైనదీ మనిషి కొనసాగించగలిగేదీ ఏదైనా పర్వాలేదు. పెరుగు మానితే అండాశయం బాగుపడుతుందని అందులో ఎక్కడా లేదు. రాయలసీమ మనిషిని మజ్జిగ మానెయ్యమంటే ఆ డైటు ఎన్నాళ్ళు నిలుస్తుందో వేరే చెప్పాలా. మజ్జిగ ఉంటుంది, తీర్మానం.

సామాను: వంటింటి తక్కెడ, టైలర్ టేపు, అమ్మ వాడిన గ్లూకోమీటర్, గోడ క్యాలెండర్. బరువు మెషీను ఉంది కానీ దాన్ని మంచం కిందకు తోశాను, నెలకోసారి తీస్తాను.

జూలై: రాగుల సంగతి

ఈ నెలంతా వాదన రాగుల మీదే. "మిల్లెట్స్ తింటున్నావా?" అని అడగని మనిషి లేడు. కర్ణాటకలో ఉంటూ, సంగటి తిని పెరిగి, రాగుల మీద నాకేం కోపం? క్యాల్షియంలో ధాన్యాలన్నిట్లో రాగులదే పైచేయి, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పీచు కూడా పాలిష్ బియ్యం కంటే బాగా ఎక్కువ. కానీ పిండిపదార్థం పిండిపదార్థమే. మెత్తగా ఆడించి, గంజిలా ఉడికించి తాగితే కడుపులో దాన్ని విడగొట్టే పని పెద్దగా మిగలదు, గ్లూకోజ్ త్వరగా పైకి పోతుంది.

అమ్మ వచ్చి ఉంది కాబట్టి గ్లూకోమీటర్‌తో ఇద్దరం ఆడుకున్నాం. బెల్లం వేసిన రాగి మాల్ట్ తాగిన పొద్దున నా రీడింగు బాగా పెరిగింది. అదే రాగిపిండి, నూకలు వేసి కెలికిన సంగటి చిన్న ముద్ద, దాంతో గిన్నెడు పులగూర, చెనక్కాయల (వేరుశనగల) ఊరిబిండి పచ్చడి తిన్న రోజు అంత పెరగలేదు. పప్పు, బీన్స్ కూర ఎక్కువగా, సోనామసూరి అన్నం కొలిచి ఒక కప్పు తిన్న రోజు దాదాపు సంగటి రోజులాగే ఉంది. అంటే రాగా బియ్యమా అన్నదానికంటే, ఎంత, ఏ రూపంలో, దేంతో కలిపి అన్నదే తేడా చేస్తోంది.

ఈ రీడింగుల మీద మరీ భారం వెయ్యకూడదు. ఇంటి మీటరు ల్యాబుతో పోలిస్తే పది పదిహేను శాతం అటూ ఇటూ చూపించొచ్చు. అంతకంటే ముఖ్యమైనది, మీటరుకు ఇన్సులిన్ కనిపించదు. రీడింగు 120 ఉన్నా దాన్ని అక్కడ నిలబెట్టడానికి క్లోమం ఎంత ఇన్సులిన్ వదిలిందో తెలీదు. అందుకే "షుగర్ నార్మల్, ఇక మాల్ట్ తాగొచ్చు" అనే లెక్క పీసీఓఎస్‌లో కుదరదు.

అమ్మకు ఈ కొలత కప్పు నచ్చలేదు. "కప్పుతో కొలిచి అన్నం పెట్టేది ఏందమ్మే, హాస్టల్లో మాదిరి" అంది. కప్పు దాచేసి, పప్పు గిన్నె మాత్రం పెద్దది పెట్టాను. పప్పు ముద్దగా చేస్తే, తోటకూరో పాలకూరో దానికి సగం పడితే, అన్నం దానంతట అదే తగ్గింది. అమ్మ కూడా తగ్గించింది, ఒప్పుకోదు గానీ.

ఇంకో చిట్కా: కూరలు, ప్రొటీన్ ముందు తిని అన్నం చివర్లో తింటే గ్లూకోజ్ మెల్లగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. చదవడానికి బాగుంటుంది, కలుపుకుని తినే మన పళ్ళెంలో ఎలా? ముందు ఉత్త పప్పు గిన్నెడు తాగి తర్వాత ఉత్త అన్నం తినం కదా. దీనికి మందు ఈ ఊళ్ళోనే దొరికింది: కోసంబరి. నానిన పెసరపప్పు, కీరా తురుము, కొంచెం కొబ్బరి, నిమ్మకాయ, ఆవాల తాళింపు. రాత్రి పూట పళ్ళెం ముందు కూర్చునే లోపల నిలబడే ఒక కప్పు తినేస్తాం. పొయ్యితో పని లేదు. ప్రాజెక్టు మొత్తంలో అతి తక్కువ కష్టానికి అతి ఎక్కువ లాభం దీనిదే అని నా అభిప్రాయం.

ఆగస్టు: రింగ్ రోడ్డు మీద ఆకలి

ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న మనిషికి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఎలాంటి ఆకలి వేస్తుందో ఈ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే బిస్కెట్ ప్యాకెట్టు, తర్వాత రెండు పళ్ళేల అన్నం, పదింటికి పడక. నా రోజులో అసలు గండి ఇక్కడే ఉంది. పొద్దున ఏం తిన్నానన్నది దీని ముందు చిన్న విషయం.

దానికి అడ్డుకట్ట గుగ్గిళ్ళు. ఐదున్నరకు ఆఫీసులో చిన్న డబ్బా ఖాళీ చేస్తాను. ఒక రోజు అలసందలు, ఒక రోజు నల్ల శనగలు, ఒక రోజు పెసలు, ఒక రోజు ఉలవలు. ఉలవలు అత్తమ్మ ఊరి నుంచి పంపింది, "మన పొలంవే, కడుపు నిండా తిను" అని. ఇంటికి వచ్చేసరికి ఆకలి ఉంటుంది గానీ ఆత్రం ఉండదు.

వంటక్కది ఆంధ్రా సరిహద్దు దగ్గరి ముళబాగిలు, తెలుగు మాకంటే బాగా మాట్లాడుతుంది. నానబెట్టే టైం టేబుల్ ఆమెదే. శనగలు, ఉలవలు రాత్రంతా నానాలి, అలసందలకు నాలుగైదు గంటలు చాలు. ఉలవలు మాత్రం కుక్కర్లో మిగతావాటికంటే ఎక్కువ విజిల్స్ అడుగుతాయి. ఉడికించి, నీళ్ళు వంచేసి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వస్తాయి, తాళింపు మాత్రం ఏ రోజుకారోజు. ఉలవలు ఉడికిన నీళ్ళు పారబొయ్యనివ్వదు, చారు పెట్టేస్తుంది.

గ్యాస్ గురించి రాయకపోతే ఈ డైరీ అబద్ధం అవుతుంది. పప్పుదినుసులు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, మీటింగుల్లో ఇబ్బంది పడతారు. రెండు చెంచాలతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. నానబెట్టిన నీళ్ళు మార్చాలి, ఇంగువ, వాము, అల్లం ఉండాలి. మంచినీళ్ళు బాగా తాగాలి, లేకపోతే పీచు ఎక్కువై మలబద్ధకం వస్తుంది. కొన్ని వారాల్లో కడుపు అలవాటు పడింది.

ఇదే నెలలో డాక్టర్ మేడం మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ మాట ఒళ్ళు వినేలా చేసే షుగర్ మాత్ర) మొదలుపెట్టింది, రాత్రి భోజనంతో. మొదట్లో వికారం, విరేచనాలు. మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చాక సర్దుకుంది. దీన్ని ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు కాబట్టి అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. డైటు చేస్తున్నాం కదా మాత్రెందుకు అని ఒక చుట్టం సలహా. ఆ రెండూ ఒకదానికొకటి పోటీ కావు అని చెప్పి ఊరుకున్నా.

నెలాఖరున వినాయక చవితి. కుడుములు తిన్నాం, శనగల గుగ్గిళ్ళు ఇంకా ఎక్కువ తిన్నాం. పండగను ప్రాజెక్టులోకి తేలేదు.

సెప్టెంబర్

కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ పొద్దున నడక. గైడ్‌లైన్ ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి, దాంతోపాటు వరుసగా కాకుండా రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చేవి. నడకైతే అందరూ చెప్తారు, రెండోది ఎవరూ చెప్పరు. గ్లూకోజ్ పోయి చేరేది కండరంలోనే, కాబట్టి కండరం పెరిగితే దానికి చోటు పెరుగుతుంది. స్క్వాట్లు, గోడ పుషప్పులు, ఐదు కిలోల డంబెల్స్. భోజనం చేశాక అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పది నిమిషాలు నడక. వాచ్‌మన్ మొదట్లో ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నామనుకున్నాడు.

అక్టోబర్: టేపు చెప్పిన మాట

మంచం కింది నుంచి మెషీన్ తీశాను. బరువు పెద్దగా కదల్లేదు. టేపు మాత్రం నడుము దగ్గర బాగానే లోపలికి వచ్చింది. మన ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త అంటారు, నేనింకా దాని పైనే ఉన్నాను కానీ దూరం తగ్గింది. ఇన్సులిన్‌తో తగవు పెట్టుకునేది ముఖ్యంగా పొట్ట లోపలి కొవ్వే కాబట్టి ఈ కొలతకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. బరువున్నవాళ్ళు అందులో ఐదు శాతం తగ్గినా నెలసరి మెరుగుపడొచ్చని డాక్టర్లు చెప్తారు. ఆ మాటను తప్పు పట్టను. కానీ మొదటి మూడు నెలలూ మెషీన్ మీదే నమ్మకం పెట్టుకునేవాళ్ళు ఈపాటికి మానేసి ఉంటారు.

నెలసరి మధ్య దూరం తగ్గుతూ వస్తోంది. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల లోపు అయితే క్రమంగా ఉన్నట్టు. నేను ఇంకా అక్కడికి చేరలేదు, కానీ రెండు నెలల కరువు పోయింది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టడం మొదలెట్టాకే మేడం చెప్పిన ఇంకో విషయం బుర్రకెక్కింది. 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే డైటే చూసుకుంటుందిలే అని కూర్చోకూడదు. గర్భసంచి లోపలి పొర అలా మందం అవుతూ పోతే ప్రమాదం, డాక్టర్ దగ్గరకు పోవాల్సిందే.

ఈ నెల పేపర్లో ఐసీఎంఆర్-ఇండియాబ్ ఫలితాలు వచ్చాయి, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు చేసిన దేశవ్యాప్త సర్వే. మన దేశంలో తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. ధాన్యం మొత్తం తగ్గించకుండా తెల్ల బియ్యానికి బదులు గోధుమో చిరుధాన్యాలో పెట్టుకుంటే షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండిపదార్థాల కేలరీల్లో ఐదు శాతాన్ని పప్పుల ప్రొటీనో, పాల ప్రొటీనో భర్తీ చేస్తే ముప్పు తక్కువ. అది షుగర్ జబ్బు మీద సర్వే, పీసీఓఎస్ మీద కాదు. అయినా నా పళ్ళెంలో తిరుగుతున్నది ఆ ఇన్సులినే కాబట్టి కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. "మిల్లెట్స్ తింటున్నావా" అని ఎవరైనా అడిగితే ఫ్రిజ్ చూపిస్తున్నా.

నవంబర్

కార్తీక మాసం, మా ఆయన గుడ్డూ మాంసమూ ముట్టడు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, అది పోతే దాని చోట ఏం పెట్టాలి? మీల్ మేకర్ వంద గ్రాముల్లో 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది, అంత తినలేం, ముప్పై గ్రాములు నానేస్తే ఇద్దరికి కూర అవుతుంది. పనీర్ వారానికోసారి. పెసరట్టు రెండు పొద్దునలు, అందులో బియ్యం వెయ్యకుండా. ఉప్మా పెసరట్టు కాదు, ఉత్త పెసరట్టు, దాని మీద అల్లం, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ.

బయట టిఫిన్‌కు పోతే ఇడ్లీ రెండు, వడ ఒకటి, సాంబారు మళ్ళీ మళ్ళీ. కేసరిబాత్ (రవ్వ కేసరి) వైపు చూడను. దర్శిని (నిలబడి తినే టిఫిన్ హోటల్) కౌంటర్ దగ్గర "షుగర్ లెస్ కాఫీ" అని చెప్పడం నేర్చుకున్నాను, మొదటి వారం మందులా ఉంది, ఇప్పుడు తీపి కాఫీయే వెగటు.

చిత్తూరులో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. దానికీ పీసీఓఎస్సే, మనిషి సన్నగా పుల్లలా ఉంటుంది. "అక్కా, నేను కూడా తగ్గించాలా?" అంటుంది. దానికి తగ్గించడానికేముంది! బరువు తగ్గడం దాని పని కాదు, నాలాగా కప్పు కొలత అక్కర్లేదు. పప్పు, కూర, గుగ్గిళ్ళు, డంబెల్స్ మాత్రం పనికొస్తాయి. ముందు పోయి ఆ 75 గ్రాముల పరీక్ష చేయించుకో, భోజనం మానొద్దు అని చెప్పాను. పెళ్ళయితే సర్దుకుంటుందని పిన్ని నమ్మకం. పెళ్ళి మంచిదే, కానీ అండాశయాలకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

డిసెంబర్, జనవరి: అనపకాయల కాలం

బెంగళూరులో చలికాలం అంటే నాకు అనపకాయలే. రోడ్ల పక్కన బస్తాలు విప్పి పోస్తారు, ఆ వాసన ఒక వీధి ముందే తెలుస్తుంది. ఇంతవరకు పప్పు డబ్బాను బలవంతంగా నింపాను, ఈ రెండు నెలలు మాత్రం డబ్బాతో పనే పడలేదు. గింజలు నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు. సాయంత్రం అమ్మ, నేను, ఆదివారమైతే మా ఆయన కూడా కూర్చుని పితుకుతాం. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి టీవీ కిందకు పోతుంది. గసాలు, కొబ్బరి, తెల్లగడ్డ, ధనియాలు నూరి పోసిన పితికిపప్పు కూరలోకి సంగటి ఉంటే ఇంకేం కావాలి. అమ్మ అయితే, "ఇది డైటా? ఇంత రుచిగా ఉంటే అది డైటు ఎట్లవుతుంది" అని అనుమానం.

పచ్చి గింజల్లో నీళ్ళు ఎక్కువ కాబట్టి ఎండు పప్పంత ప్రొటీన్ రాదు, కానీ తినే పరిమాణం కూడా ఎక్కువే. ఉప్మాలో నేను లెక్క తిరగేశాను. ఇక్కడివాళ్ళు రవ్వలో అవరేకాళ్ళు (కన్నడంలో అనప గింజలు) వేస్తారు, మేం గింజల్లో రవ్వ వేస్తాం, కప్పు రవ్వకు రెండు కప్పుల గింజలు. వంటక్క మొదట నవ్వింది, తర్వాత డబ్బాలో పెట్టుకుపోయింది. వీవీ పురంలో ప్రతి ఏడూ జరిగే అవరేబేళె (అనప పప్పు) మేళాకు కూడా పోయాం. అక్కడ ఆ గింజతో దోసెల నుంచి స్వీట్ల దాకా చేస్తారు. స్వీటు ఇద్దరం ఒకటి పంచుకున్నాం. సంక్రాంతికి ఊళ్ళో అరిసెలు అంతకంటే ఎక్కువే అయ్యాయి. బెల్లమైనా చక్కెరైనా రక్తంలోకి పోయేసరికి ఒకటే అని తెలిసే తిన్నాను. తిని పొలం గట్టు మీద నడిచాను.

పండగ తర్వాత మళ్ళీ గ్లూకోజ్ తాగే పరీక్ష. ఈసారి రెండు గంటల రీడింగు 140 కంటే కింద ఉంది. ఇందులో మెట్‌ఫార్మిన్ వాటా ఎంత, గుగ్గిళ్ళ వాటా ఎంత, డంబెల్స్ వాటా ఎంత అని విడదీసి చెప్పే దారి లేదు, నాకు అవసరమూ లేదు. నెలసరి 35 రోజుల గీత లోపలికి వచ్చింది.

మారనిది కూడా రాయాలి. గడ్డం కింది వెంట్రుకలు అలాగే ఉన్నాయి. ఒకసారి ముదిరిన వెంట్రుక హార్మోన్ తగ్గగానే పలచబడదు, ఏ వైద్యమైనా ఆరు నెలలకు పైగా పడుతుందట, తిండితో మాత్రమే అది పోతుందని ఆశ పెట్టుకోవద్దని మేడం ముందే చెప్పింది. దానికి లేజర్ వేరే చూస్తాం. మెడ మీద నలుపు కొంచెం తేలికైంది, సున్నిపిండి అవసరం లేకుండానే. మొటిమలు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు.

ఫిబ్రవరి

అనపకాయలు తగ్గిపోయాయి, ధర పెరిగింది. ఎండాకాలానికి వంటక్కతో కలిసి కొత్త పట్టిక వేస్తున్నాం. ఉలవలు వేడి అని ఆమె పక్కన పెట్టేసింది, ఆ విషయంలో ఆమెతో వాదించి గెలవలేను. బదులు అలసందలు, పెసలు, మజ్జిగలోకి నానబెట్టిన సబ్జా. పొద్దున చద్దన్నం పెట్టుకుందామని మా ఆయన కోరిక. వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత త్వరగా అరగని రూపానికి మారుతుంది, తేడా చిన్నదే, కాబట్టి చద్దన్నమైనా అదే కప్పు. పక్కన ఎర్రగడ్డతో పాటు వేయించిన చెనక్కాయలు, ఉడికించిన గుడ్డు ఉంటేనే ఒప్పుకుంటానన్నాను. సంతకం పెట్టాడు.

పిల్లల గురించి ఆలోచిస్తున్నామని మేడంతో చెప్పాం. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టించింది, మెట్‌ఫార్మిన్ తను చెప్పేదాకా మానొద్దంది. మార్చిలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), బీ12, విటమిన్ డి పరీక్షలు. పిన్ని కూతురి రిపోర్టు కూడా ఆ వారమే వస్తుంది, రెండూ కలిపి వచ్చే ఎంట్రీలో రాస్తాను.